రాజమణికి జరిగిన సన్మానాలు

బత్తుల రాజమణి బొమ్మతో తపాలా బిళ్ళ విడుదలైన రోజు మధ్యాహ్నం నుంచి ఆమెకు ముఖం లేదు. ఇది పొరపాటూ కాదు, ప్రమాదమూ కాదు. సన్మాన శాఖ నియమావళి ప్రకారం జరగవలసిందే జరిగింది. నకలుతో సన్మానించడమంటే చాంపియన్‌ను అవమానించడమేనని ఆ శాఖ ఏనాడో తేల్చేసింది. బిళ్ళ మీదికి అసలు ముఖమే వెళ్లాలి. కొండాయిపేట జనానికి ఈ సంగతి తెలుసు కాబట్టి సభలో ఎవరూ కంగారుపడలేదు. మంత్రిగారు తెర లాగారు, చప్పట్లు మోగాయి, వేదిక మీద కుర్చీలో కూర్చున్న రాజమణికి నుదుటి నుంచి గడ్డం దాకా నున్నటి చర్మం మిగిలింది. చూపు, ఊపిరి, మాట, తిండి ఆమెకే వదిలేశారు. శాఖ తీసుకునేది పోలికను మాత్రమే, ఆ విషయంలో దాన్ని వేలెత్తి చూపలేం.

బిళ్ళ చూసినవాళ్లు మాత్రం నోరు తెరిచారు. ఎర్రగుట్ట ఎక్కేటప్పుడు ఆమె కింది పెదవి కొరుక్కునే తీరు, ఎండకు సగం మూసిన కళ్లు, చెవి పక్కన చెదిరిన వెంట్రుక, అన్నీ గోటి మీద పట్టేంత చోటులో సజీవంగా ఉన్నాయి. కొందరు ఆ బిళ్ళను చేతిలో పట్టుకుని ఊపిరి బిగబట్టారు. గట్టిగా ఊపిరి వదిలితే ఆ పెదవి కదులుతుందేమోనని వాళ్ల అనుమానం. నిజానికి కదిలేది కూడా.

ఈ రాజమణి ఎవరో చెప్పాలి. కొండాయిపేటలో పసుపు మార్కెట్టు ఉంది, బీడీ కంపెనీ ఉంది, ఆ రెండూ లేనివాళ్లకు ఎండ ఉంది. రాజమణి పెళ్లికి ముందు బీడీలు చుట్టేది. చుట్టిన బీడీలను గంపలో పెట్టి సైకిల్ మీద కంపెనీకి చేర్చేది. కంపెనీ గేటు మూసేలోపు చేరకపోతే ఆ రోజు పని దండగ కనుక వేగం ఆమెకు సరదాగా వచ్చింది కాదు. తర్వాత ఎవరో రేసులో పేరు ఇప్పించారు. మార్కెట్ యార్డు నుంచి ఎర్రగుట్ట మీదుగా గోదావరి కట్ట దాకా వెళ్లి తిరిగి రావాలి. మొదటి ఏడే గెలిచింది. ఆ తర్వాత ఆమె గెలవని ఏడు ఎవరికీ గుర్తులేదు. రాష్ట్రం తరఫున వెళ్లింది, దేశం తరఫున వెళ్లింది, ఎక్కడికి వెళ్లినా ముందే వచ్చింది. గుట్ట మీద ఆమె సైకిల్ తొక్కుతుంటే చూడటం ఒక భాగ్యం. మనిషి తొక్కుతున్నట్టు ఉండేది కాదు, గుట్టే ఆమె కిందనుంచి జారిపోతున్నట్టు ఉండేది. అంతటి మనిషిని సన్మానించకపోతే ఊరికి పరువు ఉంటుందా?

ఆమె భర్త నర్సింగం మైక్ సెట్లు అద్దెకిస్తాడు. పెళ్లయినా, చావైనా, మంత్రి వచ్చినా కొండాయిపేటలో మోగేది అతని మైకే. అందుచేత భార్య సన్మానాలన్నిటికీ అతనే స్వయంగా స్తంభాలకు లౌడ్ స్పీకర్లు కట్టి, వైర్లు లాగి, “హలో మైక్ టెస్టింగ్” అని పరీక్షించాడు. భార్య ముఖం పోయిన రోజు మైకు ఒక్కసారి కూడా కీచుమనలేదని అందరూ మెచ్చుకున్నారు. అతను తల వంచుకుని నమస్కారం పెట్టాడు, ఆ తర్వాత వైర్లు చుట్టడానికి చాలాసేపు పట్టింది.

ముఖం లేకపోవడం వల్ల వచ్చిన ఇబ్బందులు చిన్నవే. రేషన్ దుకాణంలో మెషీన్ ఆమెను గుర్తుపట్టనంది. దుకాణదారు మంచివాడు, పోస్టాఫీసుకు వెళ్లి ఒక బిళ్ళ కొనుక్కొచ్చి కార్డు మీద అంటించమన్నాడు. అంటించాక మెషీన్ ఒప్పుకుంది. ఉత్తరాల మీద బిళ్ళ అంటించడానికి జనం వెనక వైపు నాలుకతో తడిపినప్పుడల్లా రాజమణికి మెడ వెనక చల్లగా తగిలేది. పోస్టాఫీసులో నల్ల ముద్ర కొట్టినప్పుడు ఒళ్లు ఉలిక్కిపడేది. జిల్లా సన్మాన అధికారి శేషగిరి శర్మగారిని అడిగితే, కొత్తలో అందరికీ అలాగే ఉంటుందని, ఈ రోజుల్లో ఉత్తరాలు రాసేవాళ్లు తక్కువ కనుక త్వరలోనే సర్దుకుంటుందని ధైర్యం చెప్పారు. శర్మగారు ఎవరినీ కసురుకునే మనిషి కాదు. చాంపియన్లంటే ఆయనకు ప్రాణం, వాళ్ల గురించి మాట్లాడేటప్పుడు గొంతు నిజంగానే వణుకుతుంది.

రెండో సన్మానం జెర్సీది. రేసులో అందరికన్నా ముందున్నవాళ్లు పసుపు జెర్సీ వేసుకుంటారు. కొండాయిపేటలో దానికి మార్కెట్టుకు వచ్చిన కొత్త పసుపుతోనే రంగు వేస్తారు, అది ఇక్కడి ఆనవాయితీ. రాజమణి వేసుకున్న జెర్సీని టౌన్ హాలులో అద్దాల పెట్టెలో పెట్టారు. జెర్సీ అంటే ఉత్త గుడ్డ కాదు కదా, దాన్ని జెర్సీగా చేసేది చెమట. కనుక చెమట కూడా దానితోపాటు వెళ్లింది. ఆ రోజు నుంచి రాజమణికి చెమట పట్టలేదు. అద్దాల పెట్టెలో ఉన్న జెర్సీకి మాత్రం రోజూ పొద్దున ఆమె సాధన మొదలుపెట్టే వేళకు వీపు మీద తడి మొదలై, మెల్లగా భుజాలకు పాకి, అంచుల నుంచి బొట్లుబొట్లుగా కారేది. చూడటానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోలు కట్టుకుని వచ్చేవారు. పసుపు వాసన, చెమట వాసన కలిసి హాలంతా నిండేది. చెప్పులు బయటే విడవమని ఎవరూ చెప్పలేదు, జనమే విడిచారు. ఒక ముసలాయన ఆ పెట్టె ముందు నిలబడి, తన జన్మలో ఇంత కష్టాన్ని ఒక్కచోట చూడలేదన్నాడు.

అదే సమయంలో ఎర్రగుట్ట మీద రాజమణికి ఒళ్లు కాలిపోయేది. చెమట లేకపోతే వేడి బయటికి పోయే దారి లేదు. నర్సింగం మోపెడ్ మీద రెండు బిందెలు కట్టుకుని పక్కనే వెళుతూ చెంబుతో ఆమె మీద నీళ్లు పోసేవాడు. పోసిన చోట ఆవిరి లేచేది. వాళ్లిద్దరూ దీని గురించి ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే గిట్టనివాళ్లు సన్మానం అరగలేదంటారని నర్సింగం భయం.

మూడోది పేరు. మార్కెట్టు నుంచి బస్టాండుకు వెళ్లే దారికి రాజమణి రోడ్డు అని పేరు పెట్టారు. ఆ సాయంత్రం నుంచి ఎవరైనా “రాజమణీ” అని పిలిస్తే ఆమె పలకలేదు, రోడ్డు పలికింది. పలకడమంటే దాని మీద వెళుతున్న బండ్లన్నీ ఒక క్షణం ఆగేవి. ఆటోవాళ్లు పొద్దస్తమానం “రాజమణి, రాజమణి, ఒక్కరు, ఒక్కరు” అని అరుస్తుంటే ట్రాఫిక్ ఆగుతూ కదులుతూ ఉండేది. ఇంట్లో మాత్రం చాలా రోజులు తేడా తెలియలేదు. ఎందుకంటే నర్సింగం పెళ్లయిన నాటి నుంచి భార్యను పేరు పెట్టి పిలిచి ఎరగడు. ఆ ఊళ్లో మగవాళ్లు పిలవరు. “ఓయ్” అంటాడు, “ఇగో” అంటాడు, బయటివాళ్లతో “మా ఇంటామె” అంటాడు. ఒక రోజు ఎందుకో పేరు పెట్టి పిలవాలనిపించింది. నీళ్లు పోసే చెంబు చేతిలో పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ తన దగ్గర ఉన్న వస్తువును ఒక్కసారి కూడా వాడుకోలేదని అతనికి దుఃఖం వచ్చింది.

ఇక మిగిలింది విగ్రహం. సైకిల్ తొక్కుతున్న భంగిమలో నిలువెత్తు కంచు విగ్రహం పెడుతున్నట్టు, గోదావరి కట్ట రేసుకు వారం ముందు మంత్రిగారు ఆవిష్కరిస్తారని శాఖ ప్రకటించింది. అంటే ఈసారి వెళ్లేది సైకిల్ తొక్కడం. అది చదివిన రోజు రాజమణి అన్నం తినలేదు. మర్నాడు భర్తను వెంటబెట్టుకుని సన్మాన కార్యాలయానికి వెళ్లింది.

శర్మగారు లేచి నిలబడి ఎదురొచ్చి కుర్చీ చూపించారు. ముఖం లేనివాళ్లతో ఎటు చూసి మాట్లాడాలో ఆయనకు అలవాటే, నుదురు ఉండవలసిన చోట చూపు నిలిపారు. రాజమణి కుర్చీలో కూర్చోలేదు.

“ముఖం తీస్కున్నరు, ఊకున్న. చెమట తీస్కున్నరు, పేరు తీస్కున్నరు, ఊకున్న. పెద్దోళ్లు ఇజ్జత్ ఇస్తున్నరు, కాదనొద్దు అనుకున్న. గని సైకిల్ మీద ఉన్నంతసేపే నేనున్నట్టు నాకు ఎరుకైతది సారూ. అదొక్కటి నా దగ్గర ఉండనియ్యిండ్రి.”

శర్మగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తొక్కడం ఆమె దగ్గర ఉంటే మహా అయితే ఇంకో పదేళ్లు ఉంటుందని, తర్వాత మోకాళ్లు అరుగుతాయని, కంచులో అయితే ఊరు ఉన్నంతకాలం ఉంటుందని ఓపికగా వివరించారు. ఆమెను తాను రేసులో మొదటిసారి చూసినప్పుడు రెండు రోజులు నిద్రపట్టలేదని కూడా చెప్పారు. అంతటి గొప్పతనాన్ని ఒక మనిషి ఒంట్లో వదిలేయడం బాధ్యతారాహిత్యమని ఆయన నిజాయితీగా నమ్మారు. రేసు అయ్యేదాకా ఆగమని నర్సింగం బతిమాలాడు. మంత్రిగారి తేదీ ఖాయమైందని, మైకు కూడా అప్పటికే మాట్లాడేశామని శర్మగారు గుర్తుచేశారు. ఆ మైకు నర్సింగందే.

విగ్రహం పని వడ్ల బ్రహ్మయ్యకు అప్పగించారు. బ్రహ్మయ్య ఆ చుట్టుపక్కల పేరున్న శిల్పి. కూడళ్లలో నిలబడిన నాయకులందరూ అతని చేతి నుంచి వచ్చినవాళ్లే. అతని దగ్గర ఒక అచ్చు ఉంది. మనిషి నిటారుగా నిలబడి, కుడి చెయ్యి పైకెత్తి, చూపుడు వేలితో దూరంగా ఏదో చూపిస్తుంటాడు. బ్రహ్మయ్య తండ్రి కూడా ఆ అచ్చులోనే పోశాడు. ఆర్డరు వచ్చినప్పుడల్లా మొండెం అందులో పోసి, తల మాత్రం విడిగా చేసి అతికిస్తాడు. ఎవరి విగ్రహమైనా ఎవరూ ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు. విగ్రహమంటే అలాగే ఉంటుందని ఊరు నమ్మింది, బ్రహ్మయ్యా నమ్మాడు. ఈసారి కూడా అతను తపాలా బిళ్ళ చూసి తల అద్భుతంగా చేశాడు. మొండెం అచ్చులో పోశాడు. జెర్సీ గీతలు గీశాడు. ఆర్డరులో సైకిల్ అని ఉందన్న సంగతి అతనికి తెలుసు. పేరు పలక మీద చిన్న సైకిల్ బొమ్మ చెక్కితే సరిపోతుందనుకున్నాడు.

ఆవిష్కరణ రోజు కూడలి కిక్కిరిసింది. రాజమణిని వేదిక ముందు వరసలో నిలబెట్టారు. ఇదే ఆఖరి రోజు అనుకుని పొద్దున్నే ఆమె ఎర్రగుట్ట ఎక్కి దిగి వచ్చింది, సైకిల్‌ను వేదిక పక్కనే గోడకు ఆనించింది. నర్సింగం ఆంప్లిఫయర్ దగ్గర కూర్చుని ఆమె వైపు చూడలేకపోయాడు. మంత్రిగారు తాడు లాగారు. తెర జారింది. ఎండలో తళతళలాడుతూ కంచు రాజమణి నిటారుగా నిలబడి, వేలెత్తి బస్టాండు వైపు చూపిస్తోంది.

చప్పట్లు ఆగాక శర్మగారి మొహం పాలిపోయింది. నియమావళి ప్రకారం విగ్రహం ఏ పని చేస్తుంటే ఆ పనే మనిషి నుంచి వెళుతుంది. ఈ విగ్రహం చేస్తున్న పని నిలబడటం. ముందు వరసలో రాజమణి ఒక పక్కకు ఒరిగింది. పక్కనున్న కార్పొరేటర్ పట్టుకున్నాడు, రెండో పక్కకు ఒరిగింది. ఆమె ఒకచోట నిలవలేకపోతోంది. నాలుగు అడుగులు వేస్తే సర్దుకుంటోంది, ఆగితే పడిపోతోంది. ఆమె అలాగే అడుగులు వేస్తూ గోడ దగ్గరికి చేరి, సైకిల్ పట్టుకుని, చీర కుచ్చిళ్లు దోపి ఎక్కింది. పెడల్ మీద కాలు పడగానే ఒళ్లు కుదుటపడింది. సభికులు దారి ఇచ్చారు, ఆమె వెళ్లిపోయింది. ఆ నున్నటి చర్మం కింద ఆమె నవ్వుతూ ఉండి ఉంటుందని నర్సింగం అనుకున్నాడు. చూసి తెలుసుకునే వీలు లేదు.

కూర్చోబోయినా ఒరిగిపోయేది, అందుకే ఆ వారమంతా ఆమె ఆగలేదు. ఆగలేదు కనుక అలవాటైంది. నర్సింగం జొన్నరొట్టెలో కూర చుట్టి మోపెడ్ మీద పక్కనే వెళుతూ చేతికి అందించేవాడు. మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడు స్కూల్ గ్రౌండ్‌లో నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతుండేది, అతను సీటు వెనక చెయ్యి వేసి పక్కన నడిచేవాడు. పెళ్లయ్యాక వాళ్లిద్దరూ ఇంతసేపు కలిసి గడపడం అదే మొదటిసారి. ఈ మాట అతను ఒకసారి పైకే అన్నాడు. ఆమె సీటు మీదున్న అతని చేతిని తట్టింది.

రేసుకు పేరు ఇవ్వాలి. ఆమెకు పేరు లేదు. నర్సింగం తన దగ్గరున్నదే చెప్పాడు. నిర్వాహకులు అదే రాసుకున్నారు. రేసు రోజు ప్రకటనలు చేసేది కూడా నర్సింగమే కావడంతో, మార్కెట్ యార్డు నుంచి గుట్ట దాకా కట్టిన లౌడ్ స్పీకర్లన్నీ ఒకే గొంతుతో మోగాయి. “మా ఇంటామె ముందున్నది. మా ఇంటామె గుట్ట ఎక్కుతున్నది.” మధ్యమధ్య ఆపి, నీళ్లు తాగి, మళ్లీ చెప్పాడు.

గుట్ట మీద ఆ రోజు చూసినవాళ్లు ఈనాటికీ మాట తడబడకుండా చెప్పలేరు. ఎండ నిప్పులు చెరుగుతోంది. దారి పక్క బీడీ కార్మికులు బిందెలతో నిలబడి ఆమె మీద నీళ్లు చల్లుతున్నారు, ఆవిరి లేస్తోంది, ఆ ఆవిరిలోంచి ముఖం లేని ఒక మనిషి ఒక్క చుక్క చెమట లేకుండా, ఊపిరి కూడా వినపడకుండా పైకి వెళుతోంది. ఎవరూ ఈలలు వేయలేదు. మగవాళ్లు తలకు చుట్టిన రుమాళ్లు తీసేశారు. ఆమె దాటిపోయాక చాలాసేపటికి గానీ రెండో సైకిల్ రాలేదు. అంతసేపూ జనం ఖాళీ రోడ్డును చూస్తూ ఉండిపోయారు. మనిషిలోంచి అన్నీ తీసేసినా ఇంత మిగులుతుందా అని అక్కడ ప్రతి ఒక్కరికీ ఒళ్లు జలదరించింది.

ఆమె గెలిచింది. గీత దాటింది, ఆగలేదు. పతకం తీసుకోవడానికి మెట్టు మీద నిలబడాలని నియమం, నిలబడటం ఆమె దగ్గర లేదు. నిర్ణేతలు నియమావళి తిరగేశారు. నిలబడి ఉన్న రాజమణి కూడలిలో ఉంది కనుక ఊరేగింపుగా వెళ్లి పతకాన్ని విగ్రహం మెడలో వేశారు. జాతీయ గీతం పాడారు. ఆ కార్యక్రమం కోసం రాజమణి రోడ్డు మూసేశారు. ఆ దారిన వస్తున్న ముఖం లేని ఆడమనిషిని కానిస్టేబుల్ చెయ్యి అడ్డుపెట్టి, సందులోంచి పొమ్మన్నాడు. ఆమె సందులోంచి వెళ్లింది.

ఆ తర్వాత శాఖ ఊరుకోలేదు. పొరపాటు మళ్లీ జరగకూడదని, విగ్రహాలు తప్పనిసరిగా సైకిల్ మీదే ఉండాలని, సన్మానాల వరసలో ఇకనుంచి విగ్రహమే మొదట రావాలని ఆదేశాలు వచ్చాయి. బ్రహ్మయ్యకు కొత్త అచ్చు పంపారు.

రేసులో రెండో స్థానంలో వచ్చింది సరయు అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి. ఆమె తల్లి గంగామణి బీడీలు చుట్టి కూతురికి సైకిల్ కొనిచ్చింది. వాన వెలిసిన ఒక పొద్దున గంగామణి కూతురికి తలంటి, ఇస్త్రీ చేసిన బట్టలు వేసి, సన్మాన కార్యాలయానికి తీసుకొచ్చింది. వచ్చే ఏడు కాకపోతే ఆపై ఏడైనా అమ్మాయి గెలుస్తుందని, ఇప్పటి నుంచే దృష్టిలో పెట్టుకోమని శర్మగారిని వేడుకుంది. శర్మగారు అమ్మాయి కాళ్ల వైపు చూసి, చాలా బాగున్నాయని మెచ్చుకున్నారు. ఆయన గొంతు వణికింది.

కిటికీ అవతల ఒక సైకిల్ వెళ్లింది. సరయు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, అది మలుపు తిరిగేదాకా చూసింది.

“ఆమె ఎవరు సార్?” అని అడిగింది.

అబద్ధం చెప్పడం శర్మగారికి చేతకాదు.

“ఆమెకు సన్మానం అయిపోయిందమ్మా.”

సరయు అలాగే నిలబడింది. గంగామణి కూతురి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, కొంగుతో ఆమె ముఖం మీద జిడ్డు తుడిచి, శర్మగారికి సరిగ్గా కనపడేలా కిటికీ వెలుతురు వైపు తిప్పింది.